తొట్టిలో పడవ ఇంజను

పశువుల కొట్టం విప్పుతున్నాం. ఎద్దులు పోయి చాన్నాళ్లయింది, ఉన్న ఒక్క గేదె కూడా నిరుడు పోయింది. ఇంక ఇంత కొట్టం ఎవరికని మా ఆయన మనుషుల్ని పిలిచాడు. పైన బోదగడ్డి దించేసరికి, మూల దూలానికి వేలాడుతున్న గోనెసంచి మూట బయటపడింది. ఇద్దరు మనుషులు పట్టి దించి, నాప బండల తొట్టి పక్కన పెట్టారు. మా ఆయన దాన్ని కాలితో కదిపి చూసి, "పాతినుము ఆయప్ప వస్తే ఏసేద్దామా?" అన్నాడు. వేప నీడలో మంచమేసుకుని కూర్చున్న మా అత్త ఆ మూట వైపే చూస్తోంది. నేను మూట విప్పాను. ఎప్పుడో ఎండిపోయిన పెట్రోలు, చిక్కబడిన ఆయిలు, దుమ్ము, వాటన్నిటి అడుగున సన్నగా పసుపు వాసన. ఆ పసుపు వాసన తగలగానే ఇంక నేను కొట్టంలో లేను.

పెట్రోలు, ఆయిలు కలిసిన ఆ వాసన నాకు పుట్టింటిది. మడకశిర బస్టాండు పక్క సందులో మా నాయనకు మోపెడ్లు రిపేరు చేసే అంగడి ఉండేది. అంగడి వెనకే ఇల్లు. మా అమ్మ తాలింపు పెడితే ఆ వాసన అంగట్లోకి, నాయన బండి స్టార్టు చేస్తే ఈ పొగ వంటింట్లోకి వచ్చేవి. గొర్రెలు కాసేవాళ్లు పిల్లల్ని ముందు బుట్టలో పెట్టుకుని మోపెడ్లు తోసుకుంటూ వచ్చేవాళ్లు. సగం మంది కన్నడంలో, సగం మంది తెలుగులో బండిని తిట్టేవాళ్లు. నాయన పానా పట్టుకునే ముందు వాళ్లను కూర్చోబెట్టి ఒకే మాట అడిగేవాడు. "బండి ఎట్ల సచ్చిందో సరిగ్గా చెప్పప్పా, ఎందుకు సచ్చిందో నేను చెప్తా." టక్కున చచ్చిందంటే కరెంటు సంగతి చూసేవాడు. గునుస్తూ, మూలుగుతూ చచ్చిందంటే పెట్రోలు దారి చూసేవాడు. బడి నుంచి వచ్చి ఆ అంగట్లో కూర్చుని హోంవర్కు రాసుకునే నాకు ఎక్కాలెంత వచ్చో ఈ చావులూ అంతే వచ్చు.

నన్ను చూడడానికి వచ్చిన రోజు మా మామ అంగడి ముందే ఆగిపోయాడు. లోపల చాప పరిచి, కారాలు, మైసూరుపాకు సర్దిపెట్టినా రాడు. నాయన పక్కన గొంతుక్కూర్చుని ఒక కార్బరేటరును తిప్పి తిప్పి చూస్తున్నాడు. చివరికి లోపలికొచ్చి, నేను కాఫీ ఇస్తుంటే పేరడగలేదు, చదువడగలేదు.

"అమ్మా, ఆయిలెక్కువైతే ప్లగ్గు ఎట్లుంటాది?" అన్నాడు.

"నల్లగా తడిగా ఉంటాది."

"పెట్రోలు సరిగ్గా అందకపోతే?"

"తెల్లగా మాడిపోతాది."

"అన్నీ సరింగుంటే?"

"కాల్చిన ఇటిక రంగుంటాది."

ఆయన కాఫీ పూర్తిగా తాగకుండానే అత్త వైపు తిరిగి పిల్ల నచ్చిందన్నాడు. అత్త పైటచెంగు నోటికడ్డం పెట్టుకుని, "పిల్ల కొడుక్కా, నీ ఇంజనుకా?" అంది. అందరూ నవ్వారు. ఇంజనేమిటో నాకు అప్పటికి తెలియదు.

తాడిపత్రి వైపు, యాడికి అనే ఊరి దగ్గర ఉన్న ఈ పల్లెకు కాపురానికి వచ్చాక తెలిసింది. తొంభైల చివరి సంవత్సరాలవి. వానలు మా వైపు రావడం మానేసినట్టుండేది. శెనక్కాయ విత్తనం వేసి అందరం ఆకాశాన్నే చూసేవాళ్లం. బోర్లలో నీళ్లకు బదులు గాలి వచ్చేది. అటువంటి ఊళ్లో, చెరువు అడుగున తుమ్మచెట్లు మొలిచిన ఊళ్లో, మా ఇంటి కొట్టంలో పడవకు తగిలించే ఇంజను ఉంది. మామ ఒకసారి తాడిపత్రి బండల లారీ ఎక్కి కోస్తాకు పోయి, ఏదో చేపల రేవులో పాతది చూసి, మోజుపడి, లారీలో వేసుకుని తెచ్చాడు. బండ్లు చేసే వడ్రంగి చేత పడవ కూడా చేయించాడు. తారు పూసిన ఆ పడవ వేపచెట్టు కింద బోర్లా పడుకుని ఉండేది. దాని కింద కోళ్లు పొదిగేవి. ఊళ్లోవాళ్లు దారిన పోతూ, "ఏమన్నా, పడవ యాడిదంకా పోయొచ్చింది?" అని అడిగేవాళ్లు. "ఇంగా పోలేదప్పా, కోడి లేస్తే పోతాది" అనేవాడు మామ, ఏమాత్రం నొచ్చుకోకుండా.

అది వట్టి మోజు కాదని చెప్పింది పెద్దత్త. పెద్దత్త అంటే మా మామకు అక్క. చెరువుకు ఆ దరిన ఉన్న పల్లెకు ఇచ్చారు. ఆమె పెళ్లినాటికి చెరువు నిండుగా ఉండిందట. బుట్టలాంటి పుట్టి పడవలో కూర్చోబెట్టి అత్తగారింటికి దాటిస్తుంటే, చిన్నపిల్లాడైన మామ గట్టు మీద పొర్లి ఏడ్చాడట. "ఏడ్సాకురా, నువ్వు పెద్దోడివైనాక పడవేసుకోనొచ్చి నన్ను మనూరికి పిల్సకపో" అని నీళ్ల మీదనుంచి ఆమె కేకేసిందట. తరవాత చెరువు ఎప్పుడు నిండినా అరకొరగానే నిండింది. పుట్టి నడిపేవాళ్లు వలసపోయారు. మా ఊళ్లో తెడ్డు వేయడం వచ్చిన మనిషే లేకుండా పోయాడు. అక్కను చూడాలంటే మామ చెరువు కడుపులోంచే నడిచిపోయేవాడు. నేను కూడా పోయాను ఆయనతో. పెంకుల్లా పగిలిన బురద మీద నడుస్తూ, "ఈడ మనిషి మునిగేంత నీళ్లుండెమ్మా, మన నెత్తిమీద చాపలు తిరుగుతాండె" అని చెయ్యి పైకెత్తి చూపించేవాడు. నేను తల పైకెత్తితే నిజంగానే పచ్చటి నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉండేది. ఆ నడకలు ఇప్పటికీ కలల్లోకి వస్తాయి.

పెద్దత్తకు చూపు పోతోంది. కంటినరం ఎండిపోతాంది, దీనికి ఆపరేషను లేదు అన్నారట డాక్టర్లు. పక్కలనుంచి చీకటి మూసుకుంటూ వస్తుందని, ఎదురుగా గుండ్రంగా కొంచెం మాత్రం కనబడుతుందని చెప్పేది. "చెరువు నిండేది ముందో, నా కండ్లు పోయేది ముందో సూస్తాం లేరా" అనేది తమ్ముడితో, నవ్వుతూనే. మామకు నవ్వు వచ్చేది కాదు. నీళ్లు వచ్చిన నాడు ఇంజను సిద్ధంగా లేకపోతే ఇంక ఈ జన్మకు ఆ మాట తీరదు. ఆయన భయమంతా అదే, నాకు తెలుసు.

అందుకే అమావాస్య వచ్చిందంటే ఇంట్లో ఇంజను పండగ. అమావాస్యనాడు మా వైపు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. ఆ రోజే తొట్టి కడిగే రోజు కూడా. ఆ ఇంజనును నీళ్లు లేకుండా నడపకూడదు. అడుగునుంచి నీళ్లు పీల్చుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుంది అది. నీళ్లందకపోతే లోపలి రబ్బరు చక్రం మాడిపోతుంది. అందుకని కడిగే ముందు తొట్టిలో మిగిలిన ఆఖరి నీళ్లలో నడపడానికి అత్త ఒప్పుకుంది. ఆ నీళ్లు ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్లాడి తెచ్చినవి. ఇంజను తిరిగితే వాటి మీద నూనె తేలి రంగులు కమ్ముకునేవి. గేదె మూతి పెట్టేది కాదు. ఆ నీళ్లను కూడా పారబోయకుండా అత్త దుమ్ము లేవకుండా వీధివాకిట్లో చల్లించేది. మామ ఇంజనును తొట్టి అంచుకు బిగించేవాడు. నేను ప్లగ్గు విప్పి రంగు చూసి, తుడిచి బిగించేదాన్ని. ఆయన తాడు లాగేవాడు. బుడబుడమని తొట్టంతా ఉడికినట్టయి, నీలిపొగ కొట్టం నిండేది. వెనకవైపు చిన్న బొక్కలోంచి సన్నటి నీటిధార చిమ్మితే ఒంట్లో నీళ్లు తిరుగుతున్నట్టు లెక్క. మామ ఆ ధార కింద అరచేయి పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఆ ముఖంలో ఏ చెరువు, ఏ గాలి కనబడేదో మరి. సరిగ్గా అప్పుడే వంటింటి గడపలోంచి అత్త కేక వినబడేది. "నిలుపు! ఇంగ నిలుపు! నీళ్లు కాగిపాయె!" అంట్లగిన్నె ఒకటి తోమేంత సేపు కూడా నడవనిచ్చేది కాదు. "నిలుపుతా లేవే రాకాసీ" అని మామ బొత్తాం నొక్కేవాడు.

ఏళ్లు అట్లా గడిచాయి. ఒకసారి పొగ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. ఒకసారి నిలవ పెట్రోలు పాకం పట్టి కార్బరేటరులో జిగురైంది. ఏ జబ్బు చేసినా నేనూ మామా బండ మీద పాతచీర పరుచుకుని విప్పుకుని కూర్చునేవాళ్లం. పనులన్నీ వదిలేసి ఈ ఇనుపపిల్లకు సేవలేమిటని అత్త సణిగేది. నాకు మాత్రం పుట్టింటికి పోయొచ్చినట్టుండేది. మా ఆయన తాడిపత్రిలో బండలు కోసే మిషను దగ్గర పనికి పోయి వారానికొకసారి వచ్చేవాడు. చెప్తే నవ్వుతారు గానీ, ఆ కరువు రోజుల్లో నాకు తోడు ఈ ఇంజనే.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లకు, ఎవరూ అనుకోని తుపాను ఒకటి దారితప్పి మా మీదకు వచ్చింది. వంకలన్నీ ఎర్రగా పొర్లాయి. తెల్లారి లేచి చూస్తే తుమ్మచెట్లు తలలు మాత్రం బయటపెట్టి నిలబడి ఉన్నాయి. మరి కొన్నాళ్లకు ఆ తలలూ లేవు. చెరువు నిండి, మిగులు నీళ్లు దూకే మరవ పారిందని ఊరంతా గట్టెక్కింది. ఆడవాళ్లం పసుపుకుంకుమలు, చీర, గాజులు తీసుకుపోయి గంగపూజ చేశాం. ముసలివాళ్లు ఒడ్డున కూర్చుని ఊరికే నీళ్లను చూస్తూ ఉండిపోయారు. మామ పడవ కింద కోళ్లను లేపేశాడు. ఎండకు నెర్రెలిచ్చిన చెక్కలు ఉబ్బాలని పడవను కొన్నాళ్లు ఒడ్డు నీళ్లలో ముంచి పెట్టించాడు. లారీ ట్యూబులు గాలి నింపి రెండువైపులా కట్టించాడు. పెద్దత్తకు అప్పటికి ఎదురుగా చేతిగాజు చుట్టంత మాత్రమే చూపు మిగిలింది. చుట్టుదారిన ఆమె పల్లెకు బండిలో మనుషులు పోయి, ఆ దరి ఒడ్డున కూర్చోబెట్టారు.

మామా నేనూ ఈ దరినుంచి బయల్దేరాం. ఇంజను ఒక్క లాగుడుకే అందుకుంది. గట్టు మీద ఈలలే ఈలలు. హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ అత్త పెదవులు కదలడం దూరంనుంచి కనబడింది. తిడుతోందో మొక్కుతోందో తెలియలేదు. చెరువు నడిమికి చేరేసరికి ఇంజను సన్నగా మూలిగి, గునిసి, చచ్చిపోయింది. మామ తాడు లాగాడు. లాగి లాగి కాసేపు వదిలేస్తే మళ్లీ అందుకుంది. అట్లా చస్తూ బతుకుతూ ఎట్లాగో ఆ దరి చేరాం. "పాత ముసిలిది గదమ్మా, బెదిరింది. ఇంగ దారికొస్తాది" అన్నాడు మామ. పెద్దత్తను ఎత్తి పడవ మధ్యలో కూర్చోబెట్టాం. ఆమె పెళ్లినాటి పచ్చచీర కట్టుకుని వచ్చింది.

తిరుగుప్రయాణంలో నడిచెరువులో మళ్లీ చచ్చింది. ఈసారి ఎంత లాగినా దగ్గడమే గానీ అందుకోవడం లేదు. గాలి తిరిగి పడవను పక్కకు తోయసాగింది. అటువైపు మరవ. నీళ్లు కిందికి దూకుతున్న చప్పుడు మొదట గుసగుసలా ఉండి, రానురాను పెరిగింది. మాలో ఎవరికీ తెడ్డు వేయడం రాదు. మామ ముఖం సున్నం కొట్టినట్టయింది. ప్లగ్గు విప్పాను. ఇటిక రంగు. తాడు లాగించి చూశాను, నిప్పురవ్వ నీలంగా ఉంది. పెట్రోలు సగానికి పైనే ఉంది. మామ కార్బరేటరు విప్పబోయాడు. పెద్దత్త ఒక్కతే నెమ్మదిగా ఉంది. తల ఇటొక రవ్వ అటొక రవ్వ తిప్పుతూ, ఆ గాజంత చూపుతో చెరువును ముక్కముక్కగా చూసుకుంటోంది.

"యాలరా అంత ఆత్రం? నిలిస్తే నిలవనీ. సప్పుడు లేకపోతేనే బాగుండాది. నీళ్లు సూడు, అప్పటి మాదిరే ఉండాయి" అంది.

ఆమె మాటతో నాకు బుద్ధి నిలబడింది. ఎట్ల చచ్చింది ఇది? టక్కున కాదు. గునుస్తూ చచ్చింది. కాసేపు వదిలేస్తే బతికింది, మళ్లీ చచ్చింది, ప్లగ్గు తెల్లబడేంత సేపు కూడా నడవలేదు. మడకశిర సందులో నాయన గొంతు వినబడింది నాకు. "పెట్రోలుండి కూడా అందలేదంటే ఊపిరి సూడు. లోపలికి గాలి రాకపోతే బయటికి సుక్క దిగదు." ఇంజను నెత్తిన ఉన్న పెట్రోలు డబ్బా మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూతను దగ్గరగా పట్టుకుని చూస్తే, గాలి పీల్చుకునే సన్న బొక్క కనబడలేదు. ఉండవలసిన చోట, ఆయిలు మురికి కింద మేం ఎన్నడూ పట్టించుకోని పసుపు ఉంది. పసుపు మీద కుంకుమ, కుంకుమ మీద మళ్లీ పసుపు, పొరలు పొరలుగా ఎండి రాయయింది.

నా గాజులకు ఎప్పుడూ పిన్నీసులు వేలాడుతుంటాయి. ఒకటి విప్పి పొడిచాను. గట్టిగా ఉంది, రాలేదు. మరవ చప్పుడు చెవుల్లో పడుతోంది. మళ్లీ పొడిచి తిప్పాను. పసుపుముద్ద ఊడి నా ఒళ్లో పడింది. మూత బిగించి, "లాగు మామా!" అన్నాను. ఆయన లాగాడు. అందుకుంది. ఆ తరవాత అది ఆగలేదు. మామ దాన్ని తిన్నగా ఒడ్డుకు పోనివ్వలేదు, మరవకు దూరంగా చెరువంతా పెద్దగా చుట్టు తిప్పాడు. పెద్దత్త చేయి అంచు మీదుగా నీళ్లలోకి వదిలింది. ఇంజను వెనక సన్నటి ధార చిమ్ముతూనే ఉంది. మామ ఏడుస్తున్నాడు. చెరువు గాలికి ముఖం ఇచ్చి, తుడుచుకోకుండా ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. అంతటి సుఖం నాకు మళ్లీ కలగలేదని ఈ వయసులో చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఒడ్డుకు చేరి, అక్కను పుట్టినూరి నేల మీద దించాక, మామ పసుపుముద్దను అరచేతిలో పెట్టుకుని అత్త ముందు నిలబడ్డాడు. "ఏమే, ఇది నీ పనేనా?" అత్త ముఖం వాడిపోయింది. "శుక్రారం శుక్రారం పెడతాంటి. దేవునికి దీపం పెట్టొచ్చి దానికింత బొట్టు పెడతాంటి. ఆయమ్మ కండ్లు పోకముందే నీళ్లు రావాల, ఇది నడవాల అని మొక్కి పెడతాంటి. దాంట్లో బొక్కుండాదని నాకేం తెల్సు?" అంది. ఇన్నేళ్లు నిలుపు నిలుపు అని అరిచిన మనిషి ఆమే. మేం పొలం పోయినప్పుడు ఆ ఇనుపముఖానికి పసుపు రాసి దండం పెట్టిన మనిషీ ఆమే. తొట్టిలో జబ్బు ఎందుకు బయటపడలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఊపిరాడక చచ్చేంత సేపు దాన్ని ఏనాడూ నడవనిచ్చింది లేదు. నీళ్లు లేక నడవనివ్వలేదు. మామ కోప్పడలేదు. "దాని మూతి మూసి నా మూతి తెరిపిస్తివి గదే" అని నవ్వాడు. ఆ మర్నాడు అత్త నా పిన్నీసును అడిగి తీసుకుని, పసుపుదారంతో ఆ మూతకు కట్టింది.

మళ్లీ ఉగాదికి పెద్దత్త చూపు పూర్తిగా పోయింది. ఎవరొచ్చినా చెరువు ఎట్లుండిందో ఆమే చెప్పేది, మేమంతా చూడనట్టు. తరవాత ఆమె పోయింది. కొన్నేళ్లకు మామా పోయాడు. ఆ పడవ ఎండలో చెక్కచెక్కయి పొయ్యిలోకి పోయింది.

ఇప్పుడు మా చెరువుకు కాలువ నీళ్లొస్తాయి. ఎక్కడో పుట్టిన నీళ్లు కొండలెక్కి వచ్చి ఏడాది పొడవునా నిలబడి ఉంటాయి. చేపలవాళ్లు కోస్తానుంచి వచ్చి వలలు వేస్తారు. గట్టు మీద పిల్లలు సెల్‌ఫోన్లతో ఫోటోలు తీసుకుంటారు. ఇంటింటికీ కొళాయి ఉంది, కట్టేయడం మరిచిపోతే వీధిలో పారుతుంది. మంచిదే. బిందె కోసం కొట్లాడినదాన్ని, కొళాయిని తప్పుపట్టను. కానీ ఆ నీళ్లను చూడడానికి ఎవరూ గట్టెక్కడం లేదు. అప్పుడు మాకు ఇంజను ఉంది, నీళ్లు లేవు. అయినా ఊళ్లో ప్రతివాళ్ల కళ్లలో ఆ చెరువు నిండుగానే ఉండేది.

మొన్న ఆ మూటలోంచి తీసిన ఇంజను మూతకు తుప్పుపట్టిన పిన్నీసు ఇంకా వేలాడుతోంది. దారం రంగు పోయింది. పాతినుము మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. నేను ప్లగ్గు విప్పి గీకాను. కార్బరేటరు కడిగాను. మూత బొక్క ఊది చూసుకున్నాను. మా ఆయన బండిలోంచి పెట్రోలు తీసి ఆయిలు కలిపిచ్చాడు. తొట్టిలోకి కొళాయి పైపు వదిలి అంచుదాకా నింపాం. ఎన్నిసార్లు లాగామో తెలియదు, భుజాలు పట్టేశాయి. ఇద్దరం ఆశ వదులుకునే వేళకు దగ్గింది. మళ్లీ లాగితే అందుకుంది. నీలిపొగ, కప్పు లేని కొట్టంలో ఎండ, ఉడికే నీళ్లు. లోపలి రబ్బరు చక్రం ఎండి ముక్కలై ఉంటుందనుకున్నాను. కాసేపటికి వెనకనుంచి వెంట్రుకంత ధార చిమ్మింది. అరచేయి పెట్టాను. గోరువెచ్చగా ఉంది.

అత్త మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చి తొట్టి పక్క బండ మీద కూర్చుంది. నీళ్ల మీద రంగులు తిరుగుతున్నాయి. గిన్నె తోమేంత సేపు అయింది. నాకు తెలియకుండానే నా చెయ్యి బొత్తాం మీదికి పోయింది, చెవులు ఆమె కేక కోసం కాచుకున్నాయి.

"నిలపాకు మే" అంది అత్త. "పోనీ, యాడిదంకా పోతాదో."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.